గంగులు మేస్త్రి కొనుక్కొచ్చిన గ్లాసులు

ఏటా మే నెలలో ఒక ఆదివారం మా గుడిలో పాస్టరు గారి ప్రసంగం ఉండదు. ఆ వారం మా మావ నిలబడి మాట్లాడతాడు. దాన్ని మా వాళ్ళు గ్లాసుల ఆదివారం అంటారు. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆ పేరు విని నవ్వుతారు గాని మా పేటలో పుట్టిన ప్రతివాడికీ ఆ కథ కంఠతా వచ్చు.

మావ పేరు గంగులు. బాప్తిస్మంలో సమాధానం అని పెట్టారు. ఆ పేరుతో దేవుడు పిలుస్తాడేమో, మనుషులెవరూ పిలవరు. తాపీ పని చేస్తాడు కాబట్టి అందరికీ గంగులు మేస్త్రి. మా అమ్మకి అన్న. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాక ఎక్కువగా ఆయన అరుగు మీదే పడి ఉండేవాణ్ణి కాబట్టి ఆయన సంగతులు నాకు దగ్గర నుంచి తెలుసు. మంచివీ తెలుసు, చెప్పుకోడానికి సిగ్గయినవీ తెలుసు. ఇక్కడ రెండోవే ఎక్కువ.

ముందు మంచిది చెబుతాను. గజపతినగరం వెళ్ళే రోడ్డు మీద అప్పట్లో సోములు టీ దుకాణం ఉండేది. లోపల బల్లలు, గాజు గ్లాసులు ఊరివాళ్ళకి. బయట తాటాకు చూరులో దోపిన సత్తు గ్లాసులు మా మాలపేటకి. మావాడు ఎవడైనా వెళ్తే చూరులోంచి గ్లాసు తీసుకుని, కడుక్కుని, నేల మీద పెట్టి దూరంగా జరగాలి. సోములు పైనుంచి పోస్తాడు. తాగాక మళ్ళీ కడిగి చూరులో దోపి వెళ్ళిపోవాలి. మావ అప్పటికి కుర్రవాడు. విశాఖపట్నంలో కొన్నాళ్ళు మేస్త్రి దగ్గర సిమెంటు కలిపి వచ్చాడు. అక్కడ హోటల్లో ఎవడూ ఎవణ్ణీ ఏమీ అడగడు. ఆ అలవాటులో ఒకరోజు సోములు దుకాణం లోపలికి వెళ్ళి బల్ల మీద కూర్చుని గాజు గ్లాసు అందుకున్నాడు. బయటికి లాగి కొట్టారు. ఎడమ చెయ్యి విరిగింది. అది ఇప్పటికీ తిన్నగా లేదు.

మరునాడు అప్పటి పాస్టరు గారు సంఘాన్నంతా వెంటబెట్టుకుని వెళ్ళి దుకాణం ముందు కూర్చోబెట్టారు. మే ఎండ. పాటలు పాడుతూ కూర్చున్నారు. పొలాల్లోకి ఎవరూ పనికి పిలవలేదు, వీళ్ళూ వెళ్ళలేదు. ఆడవాళ్ళు చంటిపిల్లలతో అక్కడే, అక్కడే అంబలి. ఆఖరికి తహసీల్దారు వచ్చాడు, పోలీసులొచ్చారు. సోములు తన చేత్తోనే చూరులో గ్లాసులన్నీ తీసి, మావని లోపల కూర్చోబెట్టి గాజు గ్లాసులో టీ ఇచ్చాడు.

కథ ఇక్కడికి వచ్చేసరికి మావ గొంతు పెంచుతాడు. "ఆ టీ ఏటి రుసి అనుకున్నారర్రా? పంచదారే నేదు. సోములు..." అని ఆపుతాడు. గుడిలో పిల్లలందరూ ఒక్కసారిగా "పిసినారి!" అని అరుస్తారు. పాస్టరు గారు కూడా నవ్వుతారు. తర్వాత ప్రార్థన.

ఆ ఒక్క కథ మీద మావ బతుకంతా నిలబడింది. సంఘంలో పెద్ద అయ్యాడు. గుడి గోడలు ఆయన కట్టినవే. మా సంఘం చిన్నది, ఉన్నవాళ్ళందరూ కూలీనాలీ వాళ్ళే, అయినా పని మాత్రం పెద్దది పెట్టుకునేవారు. ఆస్పత్రికి వచ్చిన రోగుల తాలూకు మనుషులకి ఆదివారం గంజీ పచ్చడీ పట్టుకెళ్ళేవారు. దిక్కులేని శవం అని కబురొస్తే మావ పార పట్టుకుని ముందు బయల్దేరేవాడు. ఏ కులం అని అడిగేవాడు కాదు. కూలి తగ్గించి ఇచ్చిన ఆసామి ఇంటి ముందుకి ఆడవాళ్ళని తీసుకెళ్ళి, "బాబూ, మేం గొడవకి రానేదు, పాటలు పాడ్డానికి వొచ్చేం" అని కూర్చునేవాడు. పాటలు మూడోది మొదలయ్యేలోపు ఆసామి బయటికొచ్చేవాడు. ఆ పాటలంటే ఊళ్ళో భయం.

హుద్‌హుద్ గాలివాన వచ్చిన అక్టోబరులో మా పేటలో రేకులెగిరిపోయాయి. రైలు పట్టాలకి అవతల రెల్లి వీధిలో అయితే ఇళ్ళే లేకుండా పోయాయి. ఊళ్ళో చెత్త ఎత్తేదీ, కాలవల్లో మురికి తీసేదీ వాళ్ళే. ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు, ఒడియాకి దగ్గరగా ఉంటుంది. గాలివాన తగ్గిన మర్నాడు మావ పట్టాలు దాటి వెళ్ళి చూసొచ్చి, పాస్టరు రమేష్‌బాబు గారితో, "అయ్యగారూ, గుడి తలుపులు తియ్యండి. ఆలకి తల దాసుకోడానికి సోటు నేదు" అన్నాడు. తీశారు. వీధి వీధంతా మా గుడిలో పడుకుంది. మా ఆడవాళ్ళు గుడి వెనక పొయ్యిలు పెట్టి వండారు. వడ్డించేటప్పుడు మా మావ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అందులో వేషం లేదు.

నీళ్ళు తగ్గాక మావ వాళ్ళ ఇళ్ళకి గోడలు లేపాడు. కూలి తీసుకోలేదు. అలా ఒక్కో ఇంటి దగ్గరా పనిచేస్తున్న రోజుల్లో దాలయ్య, అతని పెళ్ళాం అసిరమ్మ, ఇంకో రెండు మూడు కుటుంబాలు ఆదివారాలు గుడికి రావడం మొదలుపెట్టాయి. ఫిబ్రవరి నెలాఖరున చంపావతి ఏట్లో బాప్తిస్మం తీసుకున్నారు. ఏటి ఒడ్డున తడి బట్టలతో ఒక్కొక్కరూ సాక్ష్యం చెప్పాలి. దాలయ్య వణికిపోతూ, "దేవుడు మంచోడు" అని ఊరుకున్నాడు. అసిరమ్మ మాత్రం చెప్పింది.

"నాకు సదువు నేదు. ఏసుపెబువు గురించి నాకు పెద్దగా ఏటీ తెల్దు. గాలోన తరవాత మీ గుడిలో పడుకున్నప్పుడు ఒక ఆదివారం సూసేను. బల్ల మీద ఒక్కటే కప్పు. జగన్నాధం మాస్టారు నోరెట్టి తాగిన కప్పులోనే కూలికెల్లే కూర్మమ్మా తాగింది. ఎవలూ ఎవల్నీ నువ్వెవలి పిల్లవి అని అడగనేదు. నా పుట్టుకలో ఇంకొకల గ్లాసు నాను ముట్టుకోనేదు. ఆ కప్పులో నానూ ఓ గుక్క తాగాలనీసి వొచ్చేను. అంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. మావ గట్టిగా కొట్టాడు.

ఆమె చెప్పింది ప్రభురాత్రి భోజనం సంగతి. నెల మొదటి ఆదివారం రొట్టె విరిచి, ద్రాక్షరసం ఒకే కప్పులో పోసి, మగవాళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ వైపు దాకా చేతులు మారుస్తారు. మా కప్పు పెద్దది, పాతది, వెండిపూత పోయి లోపల ఎర్రగా కనబడుతుంది. బాప్తిస్మం అయినవాళ్ళే అందులో తాగాలి. అంటే వచ్చే మొదటి ఆదివారం నుంచి అసిరమ్మ వాళ్ళూ తాగుతారు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం మా సుభద్రమ్మ అత్త మావకి అన్నం పెడుతూ అంది, "నాను ఆ కప్పు ముట్టుకోను. ముందే సెప్తన్నాను."

"ఏటే?"

"ఏటేటి? కాలవల్లో సేతులెట్టినోల్లు తాగిన కప్పు నాకు దిగదు. అన్నం ఎట్టేను, గుడ్డలిచ్చేను, గుడిలో సాపలేసేను. ఎంగిలి తాగమంటే మట్టుకు నా వొల్ల కాదు."

మావ ఆమె మీద ఎగరాలి. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన పచ్చడి కలుపుకుంటూ, "సర్లే, సూద్దాం" అన్నాడు.

అత్త ఒక్కతే అనుకుంటే పొరపాటు. రెండు రోజులు తిరక్కుండానే మావ అరుగు మీద పెద్దల మీటింగు జరిగింది. జగన్నాధం మాస్టారు పేపరు మడతపెట్టి పట్టుకుని వచ్చారు. ఆయన రిటైరైన బడిపంతులు, మా పేటలో మొదట చదువుకున్న మనిషి. ఆ రోజుల్లో పేపరు నిండా పంది జ్వరం గురించే.

"పాస్టరు గారూ, పరిస్థితులు బాగోలేవండి. ఒకే కప్పులో అందరూ తాగడం ఆరోగ్యరీత్యా మంచిది కాదు. పట్నంలో పెద్ద పెద్ద సంఘాల్లో చిన్న గ్లాసులే. ఎవరిది వాళ్ళు తాగుతారు. శుభ్రం" అన్నారు.

ఆడవాళ్ళ తరపున పెద్దగా ఉన్న కూర్మమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "కలరా వొచ్చినప్పుడు కూడా అదే కప్పులో తాగేం కదా మాస్టారూ. అప్పుడెవలికీ ఏటీ అవనేదే?" అంది.

"అప్పటి రోజులు వేరు కూర్మమ్మా."

"ఏటి ఏరు?"

రెల్లి అన్న మాట ఆ మీటింగులో ఒక్క నోట్లోంచి కూడా రాలేదు. అంత జాగ్రత్తగా మాట్లాడుకున్నారు. పాస్టరు రమేష్‌బాబు గారు కొత్తవారు, చిన్నవారు. అటూ ఇటూ చూసి, "సమాధానం గారూ, మీరు చెప్పండి. ఈ విషయంలో మీ మాటే సంఘం మాట" అన్నారు.

అందరూ మావ వైపు తిరిగారు. గ్లాసుల మనిషి ఆయన. ఆయన 'కాదు' అంటే అక్కడితో అయిపోయేది. జగన్నాధం మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. మావ వంకర చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, "రోగాల కాలం. సుబ్బరం మంచిదే గదండి" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "నానెలాగూ సామాన్లకి ఇజినారం ఎల్తన్నాను. నానే తెస్తాను" అని కూడా అన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక నేను అడిగాను, "మావా, కప్పుకి ఇన్నేళ్ళూ నేని రోగం అసిరమ్మ మునిగేకే వొచ్చిందేటి?"

"నోర్ముయ్యిరా. కాలేజీ ఒగ్గీసి అరుగులు తుడుస్తన్నావు, నువ్వు నాకు సెప్పొచ్చేవు."

"నిజమే. ఒగ్గీసేను. నా సంగతి ఒగ్గీ, నీ సంగతి సెప్పు."

మర్నాడు మావ బస్సెక్కి విజయనగరం వెళ్ళి చిన్న చిన్న గాజు గ్లాసులు, మందు కొలుచుకునేంతవి, ఒక స్టీలు ట్రే తెచ్చాడు. గ్లాసులు పగలకుండా గడ్డిలో పెట్టి తెచ్చాడు. అత్త వాటిని చింతపండుతో తోమినంత పని చేసింది, గాజుకి చింతపండెందుకో. పాత కప్పుని గుడ్డలో చుట్టి గుడి బీరువాలో పెట్టేశారు.

మార్చి మొదటి ఆదివారం. రెల్లి వీధి వాళ్ళు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. మగవాళ్ళ వైపు ముందు ట్రే తిరిగింది. దాలయ్య గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగాడు. అతనికి తేడా తెలియదు. తెలిసినా అనడు. ట్రే ఆడవాళ్ళ వైపు వచ్చింది. జగన్నాధం మాస్టారే పట్టుకున్నారు. అసిరమ్మ ముందు ఆగింది. ఆమె చెయ్యి చాపింది, మళ్ళీ తీసేసింది.

"ఇదేటి? పెద్ద కప్పేదీ?"

పక్కనున్న కూర్మమ్మ మెల్లిగా, "ఇప్పుడిలాగే ఇస్తన్నారే. తీసుకో" అంది.

"ఎప్పుట్నించి?"

జగన్నాధం మాస్టారు గొంతు సవరించుకుని, "ఇవాల్టి నుంచే అమ్మా. జ్వరాలు కదా. ఎవరిది వాళ్ళు తాగితే మంచిది" అన్నారు.

అసిరమ్మ ట్రే వైపు చూసింది. ఆయన వైపు చూసింది. తర్వాత తల తిప్పి మా అత్త వైపు చూసింది, అత్త పాటల పుస్తకంలో తల దూర్చింది. "ఓ" అంది అసిరమ్మ. అంతే. ట్రేని పక్కకి జరిపింది. గట్టిగా ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోలేదు. ఆఖరి పాట గొంతెత్తి పాడింది కూడా. తిట్టి వెళ్ళిపోయి ఉంటే మా వాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుని, "చూశారా, అలాంటోళ్ళని తెచ్చి పెట్టుకుంటే ఇలాగే" అనుకునేవారు. ఆ అవకాశం ఇవ్వలేదు. ప్రతి ఆదివారం వచ్చేది. మొదటి ఆదివారం ట్రే వస్తే పక్కకి జరిపేది.

సాయంత్రం దాలయ్య మావ ఇంటికి వచ్చాడు. అరుగు కింద నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మేస్త్రిబాబూ, తప్పయిపోనాది. దానికి బుద్ధి నేదు. గుడిలో అలాగ అడుగుతారేటి? నాను సెప్పేను, అది ఇనిపించుకోదు. మీరు మనసులో ఎట్టుకోకండి."

ఎవడు ఎవణ్ణి మన్నించాలి? మావ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "పైకి రా దాలయ్యా, కూకో" అన్నాడు. దాలయ్య రాలేదు, "పరవానేదు బాబూ" అని కిందే నిలబడి, ఇంకోసారి దండం పెట్టి వెళ్ళిపోయాడు. మావ చెయ్యి కడిగేసుకున్నాడు. అత్త, "అంత అన్నం వొగ్గీసేవు" అంది. "కుక్కకి ఎట్టు" అన్నాడు.

ఆ రాత్రి నుంచి ఆయన నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. పనిలో గోడ కడుతూ కడుతూ ఆగిపోయేవాడట. ఆస్పత్రికి గంజి పట్టుకెళ్ళే వారం తన వంతు ఇంకొకరికి ఇచ్చేశాడు. "ఎందుకు మావా?" అంటే, "వడ్డించేటప్పుడు సిగ్గేస్తన్నాదిరా" అన్నాడు. "గంజి పొయ్యడం బాగా వొచ్చు మనకి. మనం పొయ్యాలి, ఆలు కింద కూకుని తాగాలి. అది బాగా వొచ్చు."

మే వచ్చింది. గ్లాసుల ఆదివారం. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. రెల్లి వీధి పిల్లలూ వాళ్ళలో కలిసిపోయారు, పిల్లలకి ఏ గొడవా లేదు. మావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్తే వేయించింది. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టాడు. సోములు దుకాణం, విశాఖపట్నం సిమెంటు, అన్నీ వరసగా. ఆ కథ వినడం అసిరమ్మకి అదే మొదటిసారి అన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆమె నోరు తెరుచుకుని వింటోంది. సోములు బొజ్జ గురించి మావ చెప్పే వెటకారానికి కూర్మమ్మ భుజం మీద కొట్టి మరీ నవ్వింది.

"...సూరులో మన గ్లాసులు ఏరేగా ఉండేవి. ఎవలిది ఆలు తీసుకోవాల..."

ఆ మాట దగ్గర అసిరమ్మ నవ్వు ఆగింది. ఆమె ఏమీ చెయ్యలేదు. ఊరికే ముందుకి వంగి, తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలన్నట్టు మావ మొహంలోకి చూసింది. మావ ఆమెని చూశాడు. ఆగిపోయాడు.

మరిచిపోయాడనుకుని ఒక పిల్లాడు అందించాడు, "సోములు!" ఇంకొంతమంది ముందే అరిచేశారు, "పిసినారి!" పాస్టరు గారు నవ్వుతూ, "చెప్పండి సమాధానం గారూ, తరవాత?" అన్నారు.

"తరవాతేటీ నేదు" అన్నాడు మావ. "తరవాత నానే ఇజినారం ఎల్లి గ్లాసులు కొనుక్కొచ్చేను."

పిల్లలు అది కొత్త హాస్యం అనుకుని పగలబడి నవ్వారు. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు. మావ వెళ్ళి తన చోట కూర్చున్నాడు. పాస్టరు గారు తడబడుతూ ప్రార్థన చేశారు.

ఆ మధ్యాహ్నమే జగన్నాధం మాస్టారు ఇంటికొచ్చారు. "సంఘం పరువు తీశావు గంగులూ. అంతమందిలో ఆ మాటా?"

"అబద్ధమేటి మాస్టారూ? తెచ్చింది నానే కదా."

"జబ్బుల గురించి తెచ్చాం."

"మాస్టారూ, ఇక్కడ ఎవలూ నేరు, మనమే ఉన్నాం. జబ్బుల గురించేటి?"

మాస్టారు కండువా దులుపుకుని లేచారు. వెళ్తూ వెళ్తూ, "నువ్వొక్కడివే నీతిమంతుడివైపోకు. ఆ రోజు నువ్వూ ఊ అన్నావు" అన్నారు. నిజం చెప్పారు. మావ తల ఊపాడు.

ఆయన వెళ్ళాక మావ నాతో అన్నాడు. "మీ అత్త మీదకి తోసీగలను గాని, అది కాదురా. కప్పు ఆల సేతుల్లోంచి నా సేతిలోకి వొస్తాదనుకుంటే నాకూ రోత పుట్టింది. నాకే. గాజు గ్లాసు గురించి సెయ్యిరగ్గొట్టుకున్నోడికి. ఎలాగొచ్చిందో తెల్దు. లోపల ఎక్కడ దాక్కుందో తెల్దు." లేచి, "పద, రెల్లి వీధికి" అన్నాడు.

పట్టాలు దాటి వెళ్ళాం. అసిరమ్మ ఇంటి ముందు ధాన్యం గోనె కుట్టుకుంటోంది. మమ్మల్ని చూసి లేచి, ఇంకో గోనె దులిపి పరిచింది. మావ కూర్చున్నాడు. తను కట్టిన గోడకే ఆనుకున్నాడు. ఆమె పిల్లని పిలిచి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆ పిల్ల పరిగెత్తింది.

"అసిరమ్మా, తప్పు సేసేను" అన్నాడు మావ.

"ఏటి తప్పు బాబూ?"

"గ్లాసులు."

ఆమె సూది గోనెలో గుచ్చి పెట్టింది. "పెద్ద కప్పు మళ్ళీ తీస్తారా?"

"పెద్దలు ఒప్పుకోరేమో. నాను అడుగుతాను. అడుగుతూనే ఉంటాను."

"తీస్తే మీరు తాగుతారా? నా తరవాత?"

"తాగుతాను."

"సూద్దాం" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, ఆశా లేదు.

ఇంతలో పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో దుకాణం నుంచి తెచ్చిన రెండు కూల్‌డ్రింకు సీసాలు. మూతలు తియ్యనివి. మావ వాటి వైపు చూసి, "ఇయ్యెందుకమ్మా?" అన్నాడు.

"మా ఇంటికి వొచ్చినోలకి ఇయ్యే ఇస్తాం బాబూ. మూత మీరే తీసుకుంటారు. మాకూ పేచీ నేదు, మీకూ పేచీ నేదు."

"నాకు నీల్లియ్యి."

"గోడలు కట్టినన్నాల్లూ మీ సీసా మీరే తెచ్చుకున్నారు కదా" అంది అసిరమ్మ. తప్పు పట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు. "ఎండలో సీసా అయిపోతే పట్టాలు దాటి మీ ఇంటికెల్లి నింపుకుని వొచ్చీవోరు. నాను సూసీదాన్ని. ముసలోడు పాపం అనుకునీదాన్ని."

మావకి ఆ సంగతి తెలియదు. అంటే చేశాడు గాని, చేస్తున్నట్టు తెలియదు. అది ఆయన మొహంలో కనబడింది.

"నీల్లియ్యమ్మా" అన్నాడు మళ్ళీ.

ఆమె లోపలికెళ్ళి కుండలోంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. మావ అందుకున్నాడు. తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, పెదవులకి తగలకుండా గొంతులోకి పోసుకున్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అసిరమ్మ చూస్తోంది. పిల్ల చూస్తోంది. మావ గ్లాసు దించి, వాళ్ళని చూసి, తన చేతిలో గ్లాసుని చూసి, అప్పుడు తెలుసుకున్నాడు. మా ఇళ్ళల్లో అందరం నీళ్ళు అలాగే తాగుతాం. చిన్నప్పటి నుంచి అంతే. కాని ఆ రోజు ఆయన ఆ గ్లాసుని అలవాటు వల్లే ఎత్తాడో, ఇంకోదాని వల్ల ఎత్తాడో నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. అదే ఆయన్ని కూలదోసింది.

"అలవాటమ్మా" అన్నాడు. అంటూనే అది ఎలా వినబడుతోందో అర్థమై ఆపేశాడు.

"అవును బాబూ, అలవాటే" అంది అసిరమ్మ.

"ఇంకో గ్లాసియ్యి."

"కుండ అయిపోనాది. కొలాయి సాయంత్రం వొస్తాది."

"కూకుంటాను."

కూర్చున్నాడు. పట్టాల మీద నుంచి మా పేటవాళ్ళు ఒకరిద్దరు వెళ్తూ ఆగి చూశారు. చూడనీ అన్నట్టు కూర్చున్నాడు. అసిరమ్మ గోనె కుట్టుకుంటోంది. ఎండ వాలాక కొళాయి వచ్చింది. వీధంతా బిందెలతో పరిగెత్తింది, అరుపులు, తోపులాట. అసిరమ్మ తన బిందెలు నింపుకుని మా ముందు నుంచే లోపలికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గ్లాసు తేలేదు. అడిగే మొహం మావకి లేదు. చీకటి పడే ముందు లేచి, "ఎల్తానమ్మా" అన్నాడు. "మంచిది బాబూ" అంది లోపలి నుంచి.

జూన్ మొదటి ఆదివారం ట్రే మావ దగ్గరికి వచ్చింది. ఆయన పక్కవాడికి జరిపాడు. జగన్నాధం మాస్టారు మొహం మాడ్చుకుని ముందుకి కదిలారు. ఆడవాళ్ళ వైపు మా అత్త తీసుకుని తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. అసిరమ్మ ఎప్పటిలాగే ముట్టుకోలేదు.

గుడి బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె మావ దగ్గరికి వచ్చింది.

"మీరెందుకు మానేసేరు మేస్త్రిబాబూ? నా గురించయితే ఒద్దు. నా పేరు సెప్పి ఇంకొకలు మంచోల్లవడం నాకు ఇష్టం నేదు."

మావ చేతిలోని చెప్పు పక్కన పెట్టాడు. "నీ గురించి కాదమ్మా. నాకు గొంతు దిగటంనేదు."

ఆమె ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"అయితే సరే" అని, పిల్లని చెయ్యి పట్టుకుని పట్టాల వైపు వెళ్ళిపోయింది. మావ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది ఎక్కడ పెట్టాడో తెలియక, గుడి ముందు చాలాసేపు వెతుక్కున్నాడు.